‘విజిలింగ్ స్కూల్‌బాయ్’ అంటే ఏ పిట్ట? తెలుగులో పేరుందా?

కాఫీతోట_సుబ్బు
అందరికీ నమస్కారం. కూర్గులో ఒక కాఫీ ఎస్టేటులో పనిచేసే పెద్దాయన (అక్కడ ఆ పనిని రైటరు అంటారు, లెక్కలు, మస్తర్లు అన్నీ ఆయనే రాస్తాడు) మాటల్లో ‘ఐడిల్ స్కూల్‌బాయ్’ అన్నాడు. ఎవరి పిల్లాడండీ అంటే పిల్లాడు కాదు, పిట్ట అన్నాడు. తెల్లారకముందే వాగు దగ్గర అచ్చం మనిషిలాగే ఈల వేస్తుందట. పక్క ఎస్టేటు ఆయన దాన్నే ‘విజిలింగ్ స్కూల్‌బాయ్’ అంటాడు. మామూలు డిక్షనరీల్లో స్కూల్‌బాయ్ దగ్గర పిట్ట లేదు. బెంగళూరులో మా ఆఫీసులో ఇంగ్లిష్ దంచేవాళ్ళు బోలెడుమంది, ఒక్కడికీ తెలీదు. ఈ మాట ఎక్కడ పుట్టింది, ఇంకా ఎక్కడెక్కడ వాడతారు, మన ఆంధ్రా తెలంగాణల్లో ఈ పిట్ట ఉందా, ఉంటే మనవాళ్ళు ఏమంటారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

పిట్టలదొర
వచ్చేశా. సుబ్బు గారూ, అది మలబార్ విజిలింగ్ థ్రష్. శాస్త్రీయనామం మయోఫోనస్ హార్స్‌ఫీల్డీ. గోరింక కన్నా కాస్త పెద్దగా, 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవుంటుంది. నీడలో చూస్తే ఒట్టి నల్లపిట్టే, ఇదా ఇంత గొడవ చేసింది అనిపిస్తుంది. ఎండ పడిందంటే మాత్రం నుదుటి మీదా భుజాల మీదా నీలం భగ్గుమంటుంది. ఆ నీలం రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు, ఈక నిర్మాణం మీద వెలుతురు పడే తీరువల్ల కనిపిస్తుంది, అందుకే వెలుతురు లేకపోతే రంగూ లేదు. ముక్కూ కాళ్ళూ నలుపు. ఆడామగా ఒకలాగే ఉంటాయి. పిల్లలు గోధుమ నలుపు, వాటికి నుదుటి నీలం ఉండదు.

పశ్చిమ కనుమలంతటా ఉంటుంది, గుజరాత్‌లోని డాంగ్స్ అడవుల నుంచి కింద కేరళ దాకా. అక్కడితో అయిపోలేదు. సాత్పురా కొండల వెంబడి ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లోకి వస్తుంది, కోరాపుట్, మహేంద్రగిరి వైపు. తమిళనాడులో ఏర్కాడు ఉన్న శేర్వరాయన్ కొండల్లోనూ ఉంది. కోరాపుట్ అంటే అరకు పక్కనే కదా, మిగతాది అటువైపు వాళ్ళు చెప్పాలి.

బొబ్బిలి_మాస్టారు
మంచి ప్రశ్న నాయనా. ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లిష్ పాఠాలు చెప్పినవాణ్ణి, ఈ మాట పాఠ్యపుస్తకంలో ఎక్కడా తగల్లేదు, నీలగిరుల్లో ఉద్యోగం చేసిన మా బావమరిది నోట విన్నాను. ఇలాంటివి కొండమీది ఇంగ్లిష్ మాటలు. ఊటీ, కూనూరు, మున్నార్, మడికేరి, మహాబలేశ్వరం ఇలాంటి చోట్ల తోటల దొరలు, గుమాస్తాలు, కాన్వెంటు పిల్లలు వాడుకున్న భాష. లండన్లో మాట్లాడేవాడికి దీనితో పనిలేదు, ఎందుకంటే పిట్ట అక్కడ లేదు. మద్రాసులో మాట్లాడేవాడికీ పనిలేదు, మైదానంలోనూ లేదు గనక. పిట్ట తిరిగే వాగు ఎంతవరకో మాట కూడా అంతవరకే.

హాబ్సన్ జాబ్సన్ అని 1886లో వచ్చిన పెద్ద నిఘంటువు ఉంది, మన దేశంలో ఇంగ్లిష్‌వాళ్ళు వాడిన మాటలన్నీ కుప్పపోసింది. అందులో పిట్టలకి పెట్టిన ఇలాంటి ముద్దుపేర్లూ ఉన్నాయి, కాపర్‌స్మిత్ ఉంది, సెవెన్ సిస్టర్స్ (గుంపుగా తిరిగే బాబ్లర్ పిట్టలు) ఉంది. కాపర్‌స్మిత్ అంటే మన కంసాలి పిట్ట, రేకు మీద సుత్తితో కొట్టినట్టు టుక్ టుక్ మంటుంది.

చలికాలం_రైలు
కంసాలి పిట్ట మాటకి +1. మా వేపచెట్టు మీద ఎండాకాలమంతా అదే డ్యూటీ.

ఇందూరోడు
మా దిక్కు నిజామాబాద్‌ల తెల్లారుజామున డాబా మీద కూసుండి ఈల కొట్టే పిట్ట ఉంది. తెలుపు నలుపు. ఇదేనా?

పిట్టలదొర
కాదు అన్నా, అది పెద్ద నల్లంచి, ఇంగ్లిష్‌లో మ్యాగ్‌పై రాబిన్. పాట మంచిదే, కానీ అది ఊళ్ళో మనిషి. యాంటెన్నా మీద, కరెంటు తీగ మీద, తలుపు పైన ఎక్కడైనా కూర్చుంటుంది. తెల్ల చారలు కనిపిస్తే ఇక వెతకనక్కర్లేదు. స్కూల్‌బాయ్‌కి తెలుపు అన్నదే ఉండదు, పారే నీళ్ళు కావాలి, రాళ్ళు కావాలి, పైన చెట్ల నీడ కావాలి. దాన్ని చూడాలంటే కల్వర్టు కింద, జలపాతం పక్క రాళ్ళమీద వెతకండి. తోక విసనకర్రలా విప్పి పైకి ఎగరేసి మెల్లగా దించుతూ ఉంటుంది, అలా ఎవరైనా చేస్తుంటే అదే.

అనంతగిరి_గెడ్డ
అరకు వైపువాణ్ణి నేను. ఉంది బాబూ ఉంది. అనంతగిరి దగ్గర గెడ్డల్లో (కొండవాగుల్ని మేం గెడ్డలంటాం), టైడా కింద లోయల్లో విన్నాను. కానీ టూరిస్టులు ఎప్పుడొస్తారు? నవంబరు, డిసెంబరు, జనవరి. మంచు చూడాలి, రైలెక్కాలి, బొర్రా గుహలు చూడాలి, బొంగు చికెన్ తినాలి. అప్పుడు ఈ పిట్ట నోరు విప్పదు. చలికాలంలో చాలామటుకు గమ్మునుంటుంది, మహా అయితే ‘క్రీ’ అని ఒక అరుపు అరిచి రాయి మీంచి రాయికి పోతుంది. పాట కావాలంటే వానల్లో రావాలి. గెడ్డ పొంగి, రాళ్ళన్నీ పాచిపట్టి, రోడ్డు మీద బురద మోకాలిదాకా ఉన్నప్పుడు పాడుతుంది. అందుకే అరకుకి పదిసార్లు వచ్చినవాడు కూడా అలాంటి పిట్ట లేదు అంటాడు.

కాఫీతోట_సుబ్బు
ఆహా, ఇది పాయింటు. మేం వెళ్ళింది జూన్ చివర. చుట్టూ వాన, కరెంటు లేదు, ఈ ఈల ఒక్కటే.

లోనావాలా_లక్ష్మి
నేను పుణేలో ఉంటాను. ఇక్కడ మరాఠీలో దీన్ని శీళకరీ కస్తూర్ అంటారు, శీళ అంటే ఈల. వానాకాలం లోనావాలా, ఖండాలా, ఆంబోలీ ఎక్కడికెళ్ళినా వినపడుతుంది, పాత బంగళాల చూరు కింద కూడా గూడు పెడుతుంది. మావారికి పిట్టలంటే అస్సలు పట్టదు, ఆయన కూడా ఒకసారి లేచి కిటికీ దగ్గరకెళ్ళి ఎవర్రా అది అని అరిచారు.

పాట గురించి ఒక్క విషయం చెప్పాలి, ఎవరూ రాయలేదు ఇంకా. ఇది కోయిలలాగా ఒకే పలుకు పైకి పైకి తీసుకుపోదు. మొదలుపెడుతుంది, నాలుగు స్వరాలు పైకెక్కుతుంది, దిగుతుంది, మధ్యలో గొంతు సన్నబడిపోతుంది, పాట మర్చిపోయినట్టు ఆగుతుంది, మళ్ళీ వేరే చోట నుంచి ఎత్తుకుంటుంది. పూర్తిచేసిన పాట ఒక్కటీ ఉండదు. ఏ ఆలోచనా లేకుండా సంచీ ఊపుకుంటూ బడికి పోయేవాడు ఈల వేస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. పేరు పెట్టినవాడెవడోగాని చెవులున్నవాడు.

బొబ్బిలి_మాస్టారు
అమ్మా, బాగా చెప్పావు. ‘ఐడిల్’ అన్నది అందుకే. ఉత్త విజిలింగ్ అంటే పని చెప్పినట్టు, ఐడిల్ అంటే ఆ పని చేసే తీరు చెప్పినట్టు. నా మటుకు నాకు ఐడిల్ స్కూల్‌బాయే నచ్చింది. అది ఇంకా అరుదు కూడా.

గోదారి_గట్టు
అందరూ భలే మురిసిపోతున్నారు. దొరలు పెట్టిన పేరుకి ఇంత మర్యాద దేనికండీ? వాళ్ళు రాకముందు పిట్ట లేదా, ఈల వేయలేదా? మలయాళంవాళ్ళకి, మరాఠీవాళ్ళకి సొంత పేర్లున్నాయి. మనం మాత్రం ఇంగ్లిష్ ముద్దుపేరు పట్టుకుని వేలాడుతున్నాం. ముందు తెలుగు పేరు చెప్పండి, తర్వాత స్కూల్‌బాయ్ సంగతి చూద్దాం.

పాతకాగితం
గోదారి గారి కోపంలో న్యాయం ఉంది, కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మలయాళం. వాళ్ళు చూళక్కాక్క అంటారు, ఈల కాకి అని. నల్లగా ఉంటుంది గనక కాకి. వాళ్ళ ఇంటి వెనకే పిట్ట ఉంది కాబట్టి పేరూ ఉంది.

ఇక మన సంగతి. ఇంగ్లిష్ పక్షుల పుస్తకాల్లో తెలుగు పేర్లు ఎలా చేరాయో తెలుసా? థామస్ జెర్డన్ అని ఈస్టిండియా కంపెనీ సైన్యంలో డాక్టరు. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. అక్కడ యానాదులతో కూర్చుని పిట్టల పేర్లు, వాటి అలవాట్లు అడిగి రాసుకున్నాడు. ఆ తర్వాత 1862, 1864 మధ్య బర్డ్స్ ఆఫ్ ఇండియా అచ్చువేశాడు, అందులో పిట్ట పిట్టకీ దొరికినచోట తెలుగు పేరూ వేశాడు. మన కలివి కోడికి ఇంగ్లిష్‌లో ఈయన పేరే, జెర్డన్స్ కోర్సర్. అది పోయిందనుకున్నాక 1986లో కడప జిల్లా లంకమల్ల వైపు మళ్ళీ బయటపడింది, అది మరో పెద్ద కథ.

నేను అనేదేమిటంటే, నెల్లూరు మైదానంలో, తుమ్మ తుప్పల్లో, చెరువుగట్ల మీద తిరిగే యానాదులకి తెలిసిన పిట్టలకి చక్కటి తెలుగు పేర్లు పుస్తకానికెక్కాయి. కొండ గెడ్డల్లో ఉండే పిట్టల పేర్లు అడగాలంటే నెల్లూరు వెళ్తే లాభం లేదు, అనంతగిరి ఎక్కాలి. అక్కడ ఎవరు ఎవర్ని అడిగారు? తెలుగులో పేరు లేదు అనేకన్నా, పుస్తకాల తెలుగులో లేదు అందాం.

అనంతగిరి_గెడ్డ
పాతకాగితం గారూ, దణ్ణం పెట్టాలి మీకు. మా వైపు కొండమీద ఊళ్ళల్లో తెలుగొక్కటే కాదు. కువి మాట్లాడేవాళ్ళున్నారు, కొండదొరలున్నారు, ఆదివాసీ ఒడియా అయితే సంతలో అందరికీ కామన్. పిట్టకి ఏ ఊరికి ఆ ఊరు ఒక పిలుపు ఉంటుంది. మా ఇంట్లో మేం ఊరికే ఈలపిట్ట అంటాం, అది మేం అనుకున్నదే, పెద్ద ఆధారం ఏమీ లేదు. ఈసారి సంతకెళ్ళినప్పుడు పెద్దవాళ్ళని అడిగి, ఎవరు ఏ భాషలో చెప్పారో రాసి పెడతాను. రికార్డింగు వినిపించి అడగాలి, ఫొటో చూపిస్తే లాభం లేదు, ఇక్కడ చాలామంది దాన్ని విన్నారు గానీ చూళ్ళేదు.

గోదారి_గట్టు
సరే, ఈలపిట్ట బాగుంది. నా ఓటు దానికి.

పిట్టలదొర
బాగానే ఉంది గానీ ఈల వేసే పిట్టలు డజనున్నాయి. హిమాలయాల్లో దీని అన్న ఉన్నాడు, బ్లూ విజిలింగ్ థ్రష్, ఒళ్ళంతా మెరిసే చుక్కలు, ముక్కు పసుపు. నైనితాల్, ముస్సోరీ వెళ్ళినవాళ్ళు ఫొటో తీసి మలబార్ అని పెడతారు. ముక్కు చూడండి చాలు, మనవాడిది నలుపు. మరి వాడినీ ఈలపిట్ట అంటామా?

చలికాలం_రైలు
ఈలపాట అనగానే నాకు ఈలపాట రఘురామయ్య గారే గుర్తొచ్చారు. స్టేజీ మీద కృష్ణుడి వేషం, నోట్లో వేలు పెట్టి పద్యం మొత్తం ఈలలోనే పాడేసేవారు, మా తాతయ్య ఆయన నాటకం కోసం ఎడ్లబండి కట్టుకుని పొరుగూరు వెళ్ళేవాడట. ఒంటి మీద నీలం కూడా ఉంది కదా ఈ పిట్టకి, రఘురామయ్య పిట్ట అని పెట్టేద్దాం 😀

లోనావాలా_లక్ష్మి
అయ్యో, నవ్వులాటకి అన్నారు గానీ నిజంగానే కృష్ణుడి కథ ఒకటుంది దీనికి. సహ్యాద్రి వైపు ట్రెక్కుల్లో గైడ్లు చెబుతారు. కృష్ణుడు వాగు ఒడ్డున వేణువు పక్కన పెట్టి నిద్రపోతుంటే ఒక పిల్లాడు అది తీసుకుని వాయించాడట. కృష్ణుడు లేచి, నీకంత సరదాగా ఉంటే ఇలాగే వాయించుకుంటూ తిరుగు అని పిట్టని చేసేశాడట. వేణువు నేర్చుకునే టైము లేకపోయింది కాబట్టి పాట ఇప్పటికీ సగంలోనే ఆగుతుంది.

పాతకాగితం
కథ బాగుంది లక్ష్మి గారూ, కానీ నాకు కాస్త అనుమానం. పాత కథల్లో శాపానికి విమోచనం ఉంటుంది, ఇందులో లేదు. పైగా ఇంగ్లిష్ పేరులో ఉన్న పిల్లాడే కథలోనూ ఉన్నాడు, అది ఊరికే కలిసిందా? పేరు విన్నాక ఎవరో కథ అల్లారేమో అని నా ఊహ. గైడ్లకి కథ కావాలి, మనకీ కావాలి, ఇబ్బంది లేదు, ప్రాచీన గాథ అని మాత్రం రాసేయకండి.

లోనావాలా_లక్ష్మి
మీరు ఏ కథనీ నమ్మరు లెండి. నేను మా పిల్లలకి ఇదే చెబుతా.

రఘురామయ్య_ఫ్యాన్
చలికాలం గారూ, ఆ పేరు తీసినందుకు థాంక్స్. ఆయనకి 1975లో పద్మశ్రీ కూడా వచ్చింది. పిట్ట సంగతి నాకు తెలీదు, మీరు కానివ్వండి.

ఇందూరోడు
నాకొక డౌటు. గింత మంచిగా ఈల కొడితే జనం పట్టుకుని పంజరంల పెట్టలేదా?

పిట్టలదొర
పెట్టారు. ఒకప్పుడు పంజరం పిట్టగా బాగా గిరాకీ ఉండేది దీనికి. చిన్నప్పట్నుంచి పెంచితే పాట పాటంతా నేర్చుకుని తిరిగి ఈల వేస్తుందని పేరు. ఇప్పుడు మన అడవి పక్షిని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, 1990 దశకం మొదట్లో దేశీ పక్షుల వ్యాపారం మొత్తం బందయింది. ఎవరైనా అమ్ముతానంటే ఫారెస్టువాళ్ళకి చెప్పండి. ‘పెంచుకోవడానికే కదా’ అని ఇక్కడ ఎవరూ మొదలుపెట్టకండి, ఆ గొడవ వేరే దారంలో ఇప్పటికే పన్నెండు పేజీలు నడుస్తోంది.

బొబ్బిలి_మాస్టారు
దొరా, ‘మయోఫోనస్’ సంగతి చెప్పలేదు నువ్వు. అది గ్రీకు మాట, ఈగల్ని చంపేవాడు అని అర్థం. పాట గురించి ఒక్క ముక్క లేదందులో. తోటలో గుమాస్తాకి ఈల వినిపించింది, పండితుడికి ఈగ కనిపించింది. ఇక హార్స్‌ఫీల్డీ అంటే థామస్ హార్స్‌ఫీల్డ్, అమెరికా డాక్టరు, జావాలో చాలా ఏళ్ళు ఉండి తర్వాత లండన్లో ఈస్టిండియా కంపెనీ మ్యూజియం చూసుకున్నాడు. 1831లో విగర్స్ ఈ పిట్టని వర్ణిస్తూ ఆయన పేరు తగిలించాడు.

పిట్టలదొర
ఈగల హంతకుడు అన్నది మరీ అన్యాయం మాస్టారూ. నేను చూసింది చెబుతా. వాగులో సగం మునిగిన రాయి మీద కూర్చుని పీతని పట్టుకుంది. చిన్న పీతే, కానీ గిలగిలా కొట్టుకుంటోంది. దాన్ని ముక్కుతో పట్టుకుని రాయికేసి బాదింది, ఒకసారి ఎడమ వైపు, ఒకసారి కుడి వైపు, మధ్యలో కింద పెట్టి చూస్తుంది, కదిలితే మళ్ళీ బాదుడు. కాళ్ళు ఊడి నీళ్ళల్లో పడుతున్నాయి. మొత్తం పీతని మింగేసి తోక విప్పి దించి, ఏమీ ఎరగనట్టు ఈల మొదలుపెట్టింది. నత్తలు, వానపాములు, చిన్న కప్పలు, పురుగులు, అడవి పండ్లు కూడా తింటుంది.

చలికాలం_రైలు
ఐడిల్ స్కూల్‌బాయ్ అంట! పీతల రౌడీ అనాలి.

ఆక్లాండ్_ఆవకాయ
చదువుతుంటే హుషారుగా ఉంది. నేను న్యూజీలాండ్‌లో ఉంటాను, ఇక్కడా ఇలాంటి మాటలున్నాయి. ‘టూయీ’ అని అడవి పిట్ట, ముదురు రంగు, గొంతు కింద రెండు తెల్ల ఈకల కుచ్చులు. వాటిని చూసి పాత సెటిలర్లు చర్చి ఫాదర్ కాలరు అనుకుని ‘పార్సన్ బర్డ్’ అని పెట్టారు. ఇప్పుడు ఆ మాట దాదాపు పోయింది, తెల్లవాళ్ళు కూడా మావోరీ పేరే పలుకుతున్నారు. బడిలో మా అమ్మాయికి నేర్పేదీ మావోరీ పేరే. 1770లో కెప్టెన్ కుక్ ఓడ ఇక్కడ లంగరు వేసినప్పుడు జోసెఫ్ బ్యాంక్స్ తెల్లవారుజామున అడవి పిట్టల పాటకి మేలుకున్నానని డైరీలో రాసుకున్నాడు, అంత గట్టిగా ఉండేదట.

గోదారి_గట్టు
చూశారా! అక్కడ దొరల మాట పోయి స్థానికుల మాట నిలబడింది. నేను అనేదీ అదే.

పాతకాగితం
అక్కడ మావోరీ పేరు ముందునుంచీ ఉంది, అందరికీ తెలుసు, దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. మనం చేయబోయేది ఇంట్లో కూర్చుని కొత్తగా అల్లడం. గెడ్డ గారు సంతలో అడిగి వచ్చేదాకా ఆగుదాం. కువిలోనో ఇంకో భాషలోనో పేరు దొరికితే దాన్నే తెలుగులోకి తెచ్చుకుందాం, అరువు తెచ్చుకోవడానికి ఇంగ్లిష్ ఒక్కటే షాపా? ఈలపిట్ట అని వికీలో ఎక్కించేసి, రేపు పోటీ పరీక్షల బిట్‌బ్యాంకుల్లో ‘ఈ పక్షి తెలుగు పేరు ఏమి’ అని వస్తే, అరకు పిల్లాడు తన ఊరి పేరు రాసి మార్కు పోగొట్టుకుంటాడు.

ఇక స్కూల్‌బాయ్ మాట ఉండనివ్వండి. ఎస్టేటు రైటర్లు, డ్రైవర్లు, వంటవాళ్ళు తరాలుగా వాడారు, అది దొరలదే అని ఎవరన్నారు? సుబ్బు గారికి చెప్పింది దొర కాదుగా, రైటరు.

కాఫీతోట_సుబ్బు
అవును, ఆయన కన్నడం, తుళు, మలయాళం కలిపి మాట్లాడే మనిషి. పిట్ట పేరు మాత్రం ఇంగ్లిష్‌లో చెప్పాడు, అదీ మా నాన్న ఇలాగే అనేవాడు అంటూ.

గోదారి_గట్టు
ఊఁ. సంతలో ఏం తేలుతుందో చూద్దాం. నా మాట మీద నేనున్నా.

కొత్తగా_చేరా
హలో, నేను పక్షులు చూడడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టా. ఫోనులో పిట్టల కూతలు గుర్తుపట్టే మెర్లిన్ యాప్ వేసుకున్నా. ఈ పిట్ట రికార్డింగు ప్లే చేస్తే బయటికి వస్తుందంటున్నారు, నిజమేనా? జూలైలో అరకు ప్లాన్ ఉంది.

పిట్టలదొర
వస్తుంది, అందుకే చేయకండి. మీరు వెళ్ళే టైము గూడు టైము. ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా గూడు పెడుతుంది, ఎక్కువగా వానల్లో. వాగు ఒడ్డున రాతి సందులో నాచు, వేళ్ళు పేర్చి గూడు కడుతుంది. రెండు నుంచి నాలుగు గుడ్లు, ఆడా మగా వంతులేసుకుని 16, 17 రోజులు పొదుగుతాయి. మీరు స్పీకర్లో పాట వేస్తే ఇంకో మగది తన వాగులోకి వచ్చిందనుకుని గూడు వదిలేసి కొట్లాటకి వస్తుంది. మీకు ఫొటో, దానికి టెన్షన్. ఆ కాసేపట్లో గుడ్లు తడవొచ్చు, పాము రావొచ్చు. యాప్ వినడానికి వాడండి, వినిపించడానికి వద్దు. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాట బాగా చెవికెక్కించుకుని వెళ్ళండి, అక్కడ ఇక యాప్ కూడా అక్కర్లేదు.

అనంతగిరి_గెడ్డ
దొర గారు చెప్పిందానికి తోడు ఇంకొకటి. చీకటి ఉండగానే వెళ్ళాలి. వెలుతురు వచ్చాక పాట తగ్గించేస్తుంది, జనం మొదలయ్యాక జలపాతాల దగ్గర మ్యూజిక్ బాక్సులు, మ్యాగీ పాయింట్లు, ఇక ఏమీ వినపడదు. కటికి జలపాతం దగ్గరకి ఆదివారం వెళ్ళి పిట్ట వినపడలేదు అని నన్ను తిట్టకండి. మామూలు రోజు చూసుకుని, వెళ్ళేముందు ఊళ్ళో ఎవరికైనా చెప్పి, వీలైతే వాళ్ళలో ఒకర్ని డబ్బులిచ్చి తోడు తీసుకెళ్ళండి. వానల్లో గెడ్డ ఎప్పుడు పొంగుతుందో మైదానం మనిషికి తెలీదు, రాయి మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోతాడు.

అడ్మిన్
‘అరకులో మంచి లాడ్జి ఏది’ అనే పోస్టులు ప్రయాణాల విభాగానికి పంపించాను. ఇక్కడ పిట్ట, దాని పేరు మాత్రమే. కులాల మీదా భాషల మీదా వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను, ఎవరివో వాళ్ళకి తెలుసు.

బొబ్బిలి_మాస్టారు
గెడ్డా, సంతలో అడిగేటప్పుడు ఒక పని చెయ్యి నాయనా. ‘ఈ పిట్ట పేరేమిటి’ అని తెలుగులో అడిగితే మర్యాదకి తెలుగులోనే ఏదో ఒకటి చెప్పేస్తారు. ‘మీ ఇంట్లో అమ్మ ఏమనేది’ అని అడుగు. ఊరు, చెప్పినవారి భాష, వయసు సుమారుగా రాసుకో, మనిషి పేరు అక్కర్లేదు. ఇద్దరు వేరు వేరు పేర్లు చెబితే ఒకటి తీసేయకు, రెండూ పెట్టు.

అనంతగిరి_గెడ్డ
అలాగే మాస్టారూ. శుక్రవారం అరకు సంత, ఆ తర్వాత రాస్తాను.

కొత్తగా_చేరా
థాంక్స్ అండీ అందరికీ, స్పీకరు ఇంట్లోనే వదిలేస్తా. జలగలు ఎక్కువుంటాయా జూలైలో? ఉప్పు తీసుకెళ్తే సరిపోతుందా?

లోనావాలా_లక్ష్మి
ఉప్పు వానకి కరిగిపోతుందమ్మా. మోకాలిదాకా వచ్చే లీచ్ సాక్స్ కొనుక్కో, ప్యాంటు అందులోకి దోపుకో. పట్టుకున్నదాన్ని మాత్రం పీకేయకు, గోరుతో పక్కనుంచి మెల్లగా తోసెయ్.